కాలువ గట్టు మీద పరుగు: మీ ఊరి నీటి దారిని ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడుకోవాలి

బూట్లు కొనక ముందే, ఫోనులో పరుగు లెక్కపెట్టే యాప్ వేసుకోక ముందే, ఒక ఆదివారం తెల్లవారుజామున మీ ఊరి కాలువ గట్టు మీద ఊరికే నడిచి రండి. పరుగెత్తవద్దు. గంటసేపు ఒక వైపు, గంటసేపు వెనక్కి. ఆ రెండు గంటల్లో కాలు ఎక్కడ జారుతుందో, ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో, ఏ రేవులో ఎవరు స్నానం చేస్తారో, ఏ మలుపు దగ్గర ట్రాక్టరు వస్తే పక్కకు తప్పుకునే చోటు లేదో మీకే తెలుస్తుంది. పరుగు దారిని పటం చూసి ఎంచుకున్నవాళ్ళలో చాలామంది రెండో వారానికి మానేయడం నేను చూశాను. కాళ్ళతో చూసి ఎంచుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి అదే గట్టు మీద కనిపిస్తారు.

నేను గోదావరి డెల్టాలో పరుగెత్తుతాను కాబట్టి ఎక్కువగా ఆ కాలువల గురించే చెబుతాను. కృష్ణా కాలువలకూ, తెలంగాణ చెరువు కట్టలకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

గట్టు పరుగుకు ఎందుకు ఇంత బాగుంటుంది

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేసినప్పుడు, దాని నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీళ్ళు పంచడానికి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా పనికొచ్చాయి. దారి పొడవునా కనిపించే లాకులు, అంటే పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించే, దించే తలుపుల కట్టడాలు, అందుకే. రోడ్లూ లారీలూ పెరిగేదాకా ధాన్యం, కొబ్బరి, బెల్లం, మనుషులు అన్నీ ఈ నీటి మీదే ప్రయాణించాయి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే గెడ వేసేవారు, లేదా పడవకు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవారు.

బరువు లాగే మనిషి కాలు తట్టుకోకూడదు. అందుకని గట్టు పైభాగం సాపుగా, నీటికి దగ్గరగా, వంకరటింకరలు లేకుండా ఉండాలి. కాలువకు వాలు చాలా తక్కువ కాబట్టి దాని పక్కన గట్టుకూ వాలు ఉండదు. నీటి మట్టం దిగేది లాకుల దగ్గరే, గట్టు దిగేదీ అక్కడే. పరుగెత్తేటప్పుడు గమనించండి. మైళ్ళ కొద్దీ ఎత్తుపల్లం తెలియని దారి లాకు దగ్గరకు వచ్చేసరికి నాలుగడుగులు కిందికి దిగుతుంది, మళ్ళీ సాగిపోతుంది. మోకాళ్ళకు ఇంతకన్నా మంచి దారి మన పల్లెల్లో మరొకటి ఉందని నేను అనుకోను. మనుషుల కాళ్ళ కోసం సిద్ధం చేసిన దారి ఇది. మళ్ళీ కాళ్ళకే పనికిరావడం చూస్తే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

మొదట తేల్చుకోవలసింది: కాలువా, ఏరా, చెరువా

కొత్తగా మొదలుపెడుతున్నవారికి నా సలహా చెరువు కట్ట. కట్ట పొడవు తక్కువ, జనం ఉంటారు, పట్టణాల్లో అయితే దీపాలు ఉంటాయి. ఆయాసం వస్తే ఆగిపోయినా ఇంటికి దూరంగా చిక్కుకోరు.

కాలువ గట్టు రెండో మెట్టు. నీడ ఉంటుంది, చల్లగా ఉంటుంది, కానీ ఎంత దూరం వెళితే అంత దూరం వెనక్కి రావాలి. అందుకే మొదటి నెలల్లో వంతెన నుంచి వంతెనకు లెక్కపెట్టుకోండి. ఒక గట్టున వెళ్ళి, వంతెన దాటి, రెండో గట్టున తిరిగి వస్తే చక్కని చుట్టు అవుతుంది. చాలా కాలువలకు ఒక గట్టున తారురోడ్డు, రెండో గట్టున మట్టి దారి ఉంటాయి. మట్టి దారిన వెళ్ళి తారు దారిన రావడం మంచిది. అలసిపోయిన కాలు రాళ్ళను సరిగ్గా చూసుకోదు.

ఏటిగట్టు చివరి మెట్టు. గోదావరి జిల్లాల్లో ఏటిగట్టు అంటారు, కృష్ణా వైపు కరకట్ట అంటారు. వరద ఊళ్ళలోకి రాకుండా కట్టింది కనుక ఎత్తుగా ఉంటుంది. పైన నిలబడితే ఒక వైపు లంకలు, ఇసుక తిన్నెలు, మరో వైపు కొబ్బరి తోటల తలలు కనిపిస్తాయి. చూడటానికి ఇంతకు మించిన దారి లేదు. కానీ నీడ ఉండదు, తాగడానికి నీళ్ళు దొరకవు, ఊళ్ళోకి దిగే దారులు దూరం దూరంగా ఉంటాయి. పది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగిన తరువాతే అక్కడికి వెళ్ళండి.

దూరం కొలవడం

ఫోను చాలు. అయితే దట్టమైన కొబ్బరి తోటల మధ్య ఫోను చూపే దూరం కొంత అటూ ఇటూ అవుతుంది. మోటారు సైకిల్ మీద ఒకసారి వెళ్ళి మీటరు చూసుకుని, ప్రతి కిలోమీటరుకూ ఒక గుర్తు పెట్టుకోండి: రావిచెట్టు, తూము, పంపు షెడ్డు, గుడి. వారం తిరిగేసరికి ఫోను చూడకుండానే ఎంత దూరం వచ్చారో చెప్పగలుగుతారు.

నీటి పంచాంగం తెలుసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. గట్టు మీద ఏ నెల ఎలా ఉంటుందో నిర్ణయించేది నీరు, పంట.

డెల్టాలో సాధారణంగా జూన్ మొదట్లో కాలువలకు నీళ్ళు వదులుతారు. అంతకు ముందు, దాళ్వా (రెండో పంట) చేతికొచ్చే ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు. ఆ మధ్య కాలంలో కాలువ అడుగు బయటపడుతుంది. అక్కడక్కడా నిలిచిన నీటిలో గుర్రపు డెక్క కుళ్ళుతుంది, వాసన వేస్తుంది, దోమలు పెరుగుతాయి. పూడిక తీసే యంత్రాలు గట్టు మీదకే ఒండ్రు ఎత్తి పోస్తాయి. ఆ ఒండ్రు ఎండితే గడ్డలు, తడిస్తే బంక. మే నెలలో కాలువ గట్టు మీద పరుగు అందంగా ఉంటుందని ఎవరైనా చెబితే వారు మే నెలలో వెళ్ళలేదని అర్థం. ఆ రెండు నెలలు చెరువు కట్టకో, ఊరి మైదానానికో మారిపోండి.

నీళ్ళు వదిలిన మొదటి వారం మాత్రం తప్పకుండా వెళ్ళండి. ఎండి పగుళ్ళు వారిన అడుగు మీద ఎర్రటి నీరు నురగతో, చెత్తతో ముందుకు జరుగుతూ ఉంటుంది. దాని ముందు కొంగలు నడుస్తూ ఉంటాయి. నీరు చేరగానే బొరియల్లోంచి బయటికొచ్చే పురుగులను ఏరుకుంటూ నీటితో పాటే అవీ ముందుకు పోతాయి. నేను ఒకసారి ఆ నీటి అంచుతో పాటు నడిచాను, పరుగెత్తవలసిన అవసరం లేకపోయింది.

జూలై, ఆగస్టు, సెప్టెంబరు వరదల కాలం. ఏటిగట్టు మీద పరుగెత్తేవారు ధవళేశ్వరం నీటి మట్టం చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. ఎగువన భద్రాచలంలో ఇవే 43, 48, 53 అడుగులు. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరానికి వెంటనే రాదు, కాబట్టి వార్తల్లో భద్రాచలం మట్టం విన్నప్పుడే మరుసటి రోజుల సంగతి ఆలోచించుకోవచ్చు. 2022 జూలైలో భద్రాచలంలో నది 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో గట్టు మీద ఇసుక బస్తాలు మోసేవాళ్ళకు దారి కావాలి. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఏటిగట్టు వదిలేసి కాలువ వైపు రండి. వరద చూడటానికి గట్టు అంచున నిలబడవద్దు. లోపల కోసుకుపోయిన గట్టు పైకి మామూలుగానే కనిపిస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో గట్టు మీద గడ్డి మోకాలి ఎత్తున ఉంటుంది. చూడటానికి పచ్చగా, మెత్తగా కనిపిస్తుంది. ఒక కార్తీక మాసంలో ఆ మెత్తదనాన్ని నమ్మి తారు వదిలి గడ్డి మీదకు దిగాను. పీత బొరియలో పాదం దిగబడి చీలమండ మెలిపడింది. మూడు వారాలు నడకే కష్టమైంది. అప్పటి నుంచి నేల కనిపించని చోట కాలు పెట్టను. మీరూ పెట్టవద్దు.

సార్వా (తొలి పంట) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలు ఏప్రిల్‌లో. కోతల తరువాత గట్టు రోడ్డు సగం వెడల్పున ధాన్యం ఆరబోస్తారు. అది రైతు ఏడాది కష్టం. దాని మీద అడుగు పెట్టకండి, పక్కన చోటు లేకపోతే నడిచి దాటండి. రాత్రి పరదాలు కప్పి అంచున రాళ్ళు పెడతారు. తెల్లవారుజామున చీకట్లో ఆ రాళ్ళే కాలికి తగులుతాయి.

డిసెంబరు, జనవరి పరుగుకు పండుగ. పొగమంచు కాలువ మీద దుప్పటిలా పరుచుకుంటుంది. అయితే ఆ మంచులో మోటారు సైకిల్ నడిపేవారికి మీరు కనిపించరు. తెల్లని లేదా వెలుగు పడితే మెరిసే చొక్కా వేసుకోండి, తలకు చిన్న దీపం పెట్టుకోండి. సంక్రాంతి మూడు రోజులూ కోనసీమ దారులన్నీ బండ్లతో నిండిపోతాయి. ఆ మూడు రోజులు పిండివంటలు తిని ఇంట్లో ఉండండి.

ఏ వేళకు, ఏ దిక్కుకు

ఈ ప్రాంతంలో సూర్యుడు జూన్‌లో ఐదున్నరకే వస్తాడు, డిసెంబరు చివర ఆరున్నర దగ్గరపడుతుంది. వేసవిలో ఏడు గంటలకల్లా ఇంటికి చేరాలి. దారి తూర్పు పడమరలుగా ఉంటే చీకటి ఉండగానే తూర్పుకు బయలుదేరండి. వెలుగు వచ్చే వేళకు వెనక్కి తిరిగితే ఎండ కళ్ళలో పడదు, వీపు మీద పడుతుంది. సాయంత్రం పరుగెత్తేవారు కూడా ఎండ ఉండగా తూర్పుకే వెళ్ళి, సూర్యుడు దిగాక వెనక్కి తిరగాలి. గాలి ఉన్న రోజున ఎదురుగాలితో మొదలుపెట్టి, తిరిగి వచ్చేటప్పుడు గాలిని వీపున పెట్టుకోండి.

నీటి పక్కన చల్లగా ఉంటుంది కదా, ఎంతైనా పరుగెత్తవచ్చని అనుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. జూన్ నుంచి అక్టోబరు దాకా మామూలు కన్నా నెమ్మదిగా పరుగెత్తడమే తెలివి. పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీ వేగం సరైనది. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించండి. పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకుంటే ఎన్ని నీళ్ళు పోయాయో తెలుస్తుంది: కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, ఓఆర్ఎస్ ఏదైనా సరే. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా, వణుకు వచ్చినా అక్కడే ఆగి నీడకు చేరి, ఒంటి మీద నీళ్ళు పోసుకుని, ఎవరినైనా పిలవండి. కాలువ నీళ్ళు తాగవద్దు. పాదానికి గాయం ఉంటే ఆ నీటిలో దిగవద్దు.

మొదటి ఎనిమిది వారాలు: స్తంభం లెక్క

గడియారం కన్నా కరెంటు స్తంభాలు మంచి గురువులు. కాలువ గట్ల వెంట అవి వరుసగా ఉంటాయి.

మొదటి రెండు వారాలు: ఒక స్తంభం దూరం పరుగు, రెండు స్తంభాల దూరం నడక. ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. పది నిమిషాలు కాగానే వెనక్కి తిరగండి, ఇంకా ఓపిక ఉన్నా సరే. మూడు, నాలుగు వారాల్లో ఒకటి పరుగు, ఒకటి నడక. ఐదు, ఆరు వారాల్లో రెండు పరుగు, ఒకటి నడక. ఏడో వారంలో నాలుగు పరుగు, ఒకటి నడక. ఎనిమిదో వారం చివర వంతెన నుంచి వంతెనకు ఆగకుండా వెళ్ళి చూడండి. చాలామందికి మూడు కిలోమీటర్లు అందుతాయి. అందకపోతే ఏడో వారాన్ని మరోసారి చేయండి, తొందరేమీ లేదు. నలభై దాటినవారు, బీపీ, షుగరు ఉన్నవారు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

మరొక్క సంగతి. గట్టు రోడ్డు మధ్యలో ఎత్తుగా, రెండు అంచుల వైపూ వాలుగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు పల్లంలో, మరో కాలు మెరకలో పడుతూ కొన్నాళ్ళకు తుంటి, మోకాలు నొప్పి పెడతాయి. బండ్లు లేనప్పుడు నడుమన పరుగెత్తండి. నల్లరేగడి మట్టి దారి అయితే వాన పడిన మరునాడు వెళ్ళవద్దు. బూటుకు శేరు మట్టి అంటుకుంటుంది.

కుక్కలు, పాములు, బండ్లు

కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవండి. వీపు తిప్పవద్దు, కళ్ళలోకి చూడవద్దు, రాయి తీసుకున్నట్టు వంగితే చాలా కుక్కలు వెనక్కి తగ్గుతాయి. కరిస్తే వెంటనే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. గీరుకున్నా సరే.

గట్టులో ఎలుక బొరియలు ఉంటాయి, ఎలుకలున్నచోట పాములుంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ పొలాల పక్కన తిరిగేవే. చీకట్లో దీపం లేకుండా మట్టి గట్టు మీదకు వెళ్ళవద్దు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయవద్దు. కదలకుండా ఉండి 108కి ఫోను చేయించండి. విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది, నాటు మందు కోసం గడిపిన ప్రతి నిమిషం ప్రాణం మీదకే తెస్తుంది.

బండ్లు వచ్చే దారిలో కుడి పక్కన, బండికి ఎదురుగా పరుగెత్తండి. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. గట్టు మీద తప్పుకునే చోటు రెండడుగులే, ఆపైన నీరు.

గట్టు మనుషులు

ఈ దారి మనకన్నా ముందు నుంచి వాడుకునేవాళ్ళు ఉన్నారు. తెల్లవారుజామున రేవుల్లో ఆడవాళ్ళు స్నానాలు చేస్తారు, బట్టలు ఉతుకుతారు. రేవు దగ్గరకు రాగానే చూపు రోడ్డు మీదకు తిప్పుకుని నడిచి దాటండి, ఫోనుతో ఫొటోలు తీయవద్దు. గేదెల మందకు ఎదురైతే ఆగండి. గేదె బెదిరితే పక్కకు పోయేది నీటిలోకే, దాన్ని తోలుకొచ్చేవారు మళ్ళీ నీటిలోకి దిగాలి.

లస్కరుతో పరిచయం చేసుకోండి. తూములూ షట్టర్లూ చూసుకుంటూ గట్టు వెంట తిరిగే మనిషి ఆయన. నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఎక్కడ గట్టు దిగబడింది, ఏ వంతెన మరమ్మతులో ఉంది, అన్నీ ఆయనకు తెలుసు. నేను మొదటిసారి పలకరించినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న, "ఎవరు తరుముతున్నారండీ?" ఇప్పుడు నేను రెండు రోజులు కనిపించకపోతే, "ఒంట్లో బాగుండలేదా?" అని అడుగుతాడు.

ఆడవాళ్ళకు ఒంటరిగా చీకట్లో గట్టు మీదకు వెళ్ళమని నేను చెప్పను. తప్పు వారిది కాదు, దారి ఇంకా అలా ఉంది. ముగ్గురు నలుగురు కలిసి, వెలుగు వచ్చాక, ఫోను సిగ్నల్ ఉన్న మేరకు మొదలుపెట్టండి. మా వైపు ఇద్దరు అక్కచెల్లెళ్ళు చీరకొంగు బిగించి, కాన్వాస్ బూట్లు వేసుకుని నడక మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ గట్టు మీద ఉదయం మగవాళ్ళకన్నా వాళ్ళే ఎక్కువ.

వెళ్ళి చూడవలసిన దారులు

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కోనసీమలో బొబ్బర్లంక నుంచి లొల్ల వైపు దారి. ధవళేశ్వరం బ్యారేజీ ఒకే గోడ కాదు. లంకల మధ్య నాలుగు ముక్కలుగా, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, 175 గేట్లతో ఉంటుంది. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలవుతుంది. మొదటిసారి వెళ్ళేవారు అక్కడ బండి ఆపి, కాలువను ఎడమనో కుడినో పెట్టుకుని నీటి వాలుకు సాగిపోండి, దారి తప్పే అవకాశమే లేదు. రెండు వైపులా కొబ్బరి, అరటి. ఎక్కడో ఒకచోట లకుముకి పిట్ట నీలంగా మెరిసి తీగ మీద నుంచి నీటిలో పడుతుంది. ఆత్రేయపురం చుట్టుపక్కలకు వచ్చేసరికి పొయ్యి పొగ వాసన వస్తుంది. పూతరేకుల ఇళ్ళు అవి. బోర్లించిన కుండ కింద మంట, పలుచటి బియ్యపు జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే కాగితం కన్నా పలుచటి రేకు లేస్తుంది. లొల్ల లాకుల దగ్గర కాలువ పాయలుగా విడిపోతుంది. నీటి హోరు దూరం నుంచే వినిపిస్తుంది.

శనివారం మాత్రం ఆ దారిన వెళ్ళవద్దు. వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు ఉన్న భక్తులు తెల్లవారకముందు నుంచే బారులు తీరుతారు. కార్లు, బస్సులు, కాలినడక జనంతో గట్టు నిండిపోతుంది. మంగళవారం, బుధవారం వెళితే దారంతా మీదే.

రాజమహేంద్రవరంలో పుష్కర ఘాటు, కోటిలింగాల ఘాటు వైపు నది వెంట పరుగెత్తేవారికి ఒక మాట. నది ఊరికి పడమట ఉంది, కాబట్టి అక్కడ ఉదయం కన్నా సాయంత్రం అందం. దాదాపు వందేళ్ళు రైళ్ళను మోసి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన స్తంభాల వెనక సూర్యుడు దిగుతాడు. నీటి మీద సూర్యోదయం కావాలంటే రోడ్డు వంతెన దాటి కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు వెళ్ళండి. కార్తీక మాసంలో రెండు గట్లూ స్నానాల జనంతో నిండి ఉంటాయి. ఆ నెల పరుగు మాని వారితో పాటు ఒక దీపం వదలండి.

ధవళేశ్వరం నుంచి కడియం వైపు కాలువ పక్కనే వెళ్ళే కెనాల్ రోడ్డు నీడగా ఉంటుంది కానీ లారీలు ఎక్కువ. ఆరు దాటితే నేను అటు వెళ్ళను.

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. వెళ్ళి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు, వేగం కొలుచుకోవడానికి చక్కని కొలబద్ద. తెల్లవారుజామునే వెళ్ళాలి, తరువాత వాహనాలు వదలవు. 2024 సెప్టెంబరు మొదట్లో ఇక్కడ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. కృష్ణ పొంగిన రోజుల్లో అటు వెళ్ళకండి. ఊళ్ళో పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్లు కొన్ని చోట్ల బాగుంటాయి, కొన్ని చోట్ల చెత్త. నడిచి చూశాకే ఎంచుకోండి.

హైదరాబాదువారికి చెరువులే గతి, అవి తక్కువేమీ కాదు. 1562 నాటి హుస్సేన్ సాగర్ వెంట నెక్లెస్ రోడ్డు ఆదివారం ఉదయం పరుగెత్తేవారితో నిండి ఉంటుంది. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ అక్కడి నుంచే మొదలవుతుంది. కొత్తవారికి నేను దుర్గం చెరువు చెబుతాను. రాళ్ళ మధ్య నీరు, నడకదారి, మోకాళ్ళకు కొంచెం ఎత్తుపల్లం కూడా. సిద్దిపేట కోమటి చెరువు, వరంగల్ భద్రకాళి చెరువు కట్ట కుటుంబంతో వెళ్ళడానికి బాగుంటాయి. మీరు పరుగెత్తుతుంటే పిల్లలు ఆడుకుంటారు.

న్యూజెర్సీలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ప్రిన్స్‌టన్ పక్కనుంచి పోయే డెలావేర్ అండ్ రారిటన్ కాలువ 1834లో తెరిచింది. అక్కడ పడవలను కంచరగాడిదలు లాగేవి. అవి నడిచిన దారే ఇప్పుడు పరుగు దారి, అంతా కలిపి దాదాపు 110 కిలోమీటర్లు. అక్కడ పరుగెత్తే మా బంధువుల అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు లొల్ల తీసుకువెళ్ళాను. లాకు గోడ మీద చేయి వేసి, "బాబాయ్, ఇది మా కాలువ లాగే ఉంది" అన్నాడు.

పరుగు అయ్యాక

వెంటనే కూర్చోవద్దు. ఐదు నిమిషాలు నడిచి, రేవు పై మెట్టు దగ్గరకు రండి. కింది మెట్లకు నాచు ఉంటుంది, అటు దిగవద్దు. పొడిగా ఉన్న మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, పక్కనున్న స్తంభాన్నో గోడనో పట్టుకుని, మడమలను మెల్లగా కిందికి దించండి. పిక్కలు లాగినట్టు తెలియగానే అక్కడే ముప్పై లెక్కపెట్టండి. రెండు కాళ్ళకూ మూడేసి సార్లు. ముప్పై లెక్కపెట్టేలోపు ఎదుటి గట్టున కొంగ ఒకటి కాలు మడిచి నిలబడి ఉంటే, అది కదిలేదాకా లెక్క కొనసాగించండి.